గంప ఎత్తడానికి ఇంకో మనిషి

ఈమధ్య ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కొత్తగా చేరిన కుర్ర లెక్చరర్లతో ఒక పూట గడిపాను. రిటైరైన మనిషిని కదా అని పిలిచి, పూలగుత్తి చేతిలో పెట్టి, రెండు మంచి మాటలు చెప్పమన్నారు. ఒక అమ్మాయి లేచి, "సార్, మీ సర్వీసులో మీకు బాగా గుర్తుండిపోయిన విజయం ఏమిటి?" అని అడిగింది. ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఇంటికొచ్చాక ఆలోచిస్తే, కళ్ళెదురుగా ఉన్నదాన్ని నేను నెలల తరబడి చూడలేకపోయిన సంగతి ఆ పిల్లకు చెప్పి ఉండవలసింది అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను. కొత్తగా పాఠాలు చెప్పడానికి చేరినవాళ్ళు చదివితే చాలు. పాతవాళ్ళు చదివితే నన్ను చూసి నవ్వుతారు, నవ్వనివ్వండి.

నేను మెకానికల్ వాణ్ణి. కృష్ణా ఒడ్డు నుంచి హైదరాబాద్ వచ్చి, చాలా కాలేజీలు తిరిగి, చివరికి శంషాబాద్ దాటాక పాల్మాకుల వైపు ఉన్న ఒక ప్రైవేటు కాలేజీలో స్థిరపడ్డాను. అప్పటికి విమానాశ్రయం మొదలై రెండేళ్ళు దాటింది. విమానం దిగుతున్నప్పుడు పాఠం ఆపి, అది నేలకు దిగాక అందుకునేవాళ్ళం. ఏ వాక్యం మధ్యలో ఆపామో నేను మరిచిపోతే పిల్లలు అందించేవాళ్ళు. మా పిల్లల్లో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, మహేశ్వరం వైపునుంచి, పహాడీ షరీఫ్ వైపునుంచి వచ్చేవాళ్ళు. లెక్క ఇస్తే చకచకా చేసేవాళ్ళు. ఎలా చేశావో చెప్పమంటే మాత్రం నేల చూపులు చూసేవాళ్ళు.

ఆ నేలచూపుల వల్ల క్యాంపస్ ఇంటర్వ్యూలలో మా కాలేజీ పరువు పోతున్నదని యాజమాన్యం పట్నం నుంచి ఒక ట్రైనర్‌ని పిలిపించింది. ఆయన సూటు వేసుకుని వచ్చి, కరచాలనం ఎలా చేయాలో, టై ఎంత పొడవుండాలో చెప్పి, కొన్ని జవాబులు బట్టీ పట్టించి వెళ్ళాడు. ఆ ఏడు వచ్చిన కంపెనీవాళ్ళు "మీ బలహీనత ఏమిటి?" అని అడిగితే, మావాళ్ళందరూ వరసపెట్టి "నేను మరీ ఎక్కువ కష్టపడతాను" అన్నారట. ఇంటర్వ్యూ చేసినాయన మధ్యాహ్న భోజనం దగ్గర నాతో, "మాస్టారూ, మీ కాలేజీలో ఒక్కడైనా బద్ధకస్తుడు లేడా?" అని అడిగాడు. నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది.

మరుసటి సంవత్సరం ఆ సాఫ్ట్ స్కిల్స్ గంటలు నా నెత్తిన పడ్డాయి. నాకు అందులో ప్రావీణ్యం ఉందని కాదు. టైమ్‌టేబుల్లో నాకు గంటలు తక్కువ ఉన్నాయని. "డిజైన్ థింకింగ్ అని కొత్త పద్ధతి వచ్చిందట, మీరు వెళ్ళి రెండు రోజులు నేర్చుకుని రండి" అని ప్రిన్సిపాల్ నన్ను పట్నంలో ఒక హోటల్లో జరిగే శిక్షణకు పంపారు. లేత్ మిషన్ తప్ప మరో లోకం తెలియని నాకు అక్కడ రంగురంగుల చీటీలు ఇచ్చి గోడకు అంటించమన్నారు. మొదటి పూట ఒళ్ళు మండింది. రెండో రోజు మాత్రం ఒక సంగతి మనసుకు పట్టింది. ఏదైనా తయారుచేసే ముందు దాన్ని వాడేవాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చోవాలి, వాళ్ళు చెప్పేది వినాలి, వాళ్ళు చేసే పని చూడాలి. కష్టం ఎక్కడుందో ఒక్క మాటలో చెప్పగలగాలి. అట్టముక్కలతోనో చెక్కపేళ్ళతోనో ఒక నమూనా చేసి చూపించి, తిట్లు తిని, మళ్ళీ చేయాలి. ఇందులో నలుగురితో కలవడం, అడగడం, ఒప్పించడం, ఓడిపోయి నవ్వగలగడం అన్నీ ఉన్నాయి కదా, ఇక టై పొడవు ఎందుకు అనుకున్నాను. మినీ ప్రాజెక్టునూ సాఫ్ట్ స్కిల్స్ గంటనూ కలిపి నడుపుతానని ప్రిన్సిపాల్‌ను ఒప్పించాను.

తిరిగొచ్చి మా క్లాసు గోడకు చీటీలు అంటించాను. ఫ్యాను వేయగానే అన్నీ లేచిపోయి పిల్లల నెత్తిన పడ్డాయి. కిటికీలోంచి చూసిన మా ఇంగ్లీష్ మేడమ్ పడీపడీ నవ్వింది. ఆమె శంషాబాద్ మనిషే, వ్యవసాయదారుల ఇంట్లో పుట్టింది, మాట కటువు, మనసు వెన్న. "సార్, వినుడు వినుడు అని మీరు ఎంత గట్టిగ చెప్తుండ్రో, మా క్లాసుల దాక వినబడుతుంది" అంది. అది ఎగతాళి అని నాకు అప్పుడు తట్టలేదు, మెచ్చుకోలు అనుకున్నాను.

అదే వారం మూడో సంవత్సరం మెకానికల్ అమ్మాయి ఒకతె స్టాఫ్ రూముకు వచ్చింది. ఆ బ్రాంచిలో అమ్మాయి ఆమె ఒక్కతే. మహేశ్వరం దగ్గర పల్లె. ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో ఆమె గీతకు వంక పెట్టే మొనగాడు మా డిపార్ట్‌మెంట్‌లో లేడు. కానీ వైవా అంటే మౌనవ్రతమే. అప్పటికే రెండు ల్యాబుల్లో బాగా చేసి కూడా నోరు విప్పక తప్పింది. పైగా మొదటి గంటకు రోజూ ఆలస్యం. నేను తలుపు వేసి బయట నిలబెట్టేవాణ్ణి, రిజిస్టర్లో ఎర్ర సిరాతో గుర్తు పెట్టేవాణ్ణి. క్రమశిక్షణ అని నా నమ్మకం.

"సార్, నాకు టీసీ కావాలె" అంది.

"ఎందుకమ్మా?"

"చదువు వస్తది సార్. నోరు వస్తలేదు. నోరు రాకుంటే ఈ చదువు ఎందుకని ఇంటికాడ ఉండిపోదామనుకుంటున్న."

అంత మంచి గీత గీసే పిల్ల ఇంట్లో ఉండిపోవడం ఏమిటి? "ఈ సెమిస్టర్ చివర మినీ ప్రాజెక్టు వైవా ఉంది. అంతవరకు ఆగు. ఆ రోజు నువ్వు నోరు తెరిచి నీ పని నువ్వు చెప్పుకోగలిగితే ఉంటావు. లేకపోతే నేనే సంతకం పెడతాను" అన్నాను. సరేనన్నట్టు తలూపింది. ఆ క్షణం నుంచి ఆ సెమిస్టర్ నాకు పాఠ్యప్రణాళికగా కాకుండా ఈ ఒక్క పిల్ల సంగతిగానే కనిపించింది.

ఆమెను ముగ్గురు అబ్బాయిలతో కలిపి ఒక జట్టు చేశాను. ఆకుకూరలు పండించే ఆడవాళ్ళ దగ్గరికి వెళ్దామన్నాను. మహేశ్వరం వైపు ఆకుకూరల మడులు చాలా ఉండేవి. వాటి పక్కనే ప్లాట్ల కోసం రాళ్ళు పాతిన పొలాలూ ఉండేవి. ఏ ఊరికి వెళ్దామని అడిగితే ఆ అమ్మాయి తన ఊరి పేరు చెప్పింది. దారి తెలుసు కాబట్టి చెప్పిందనుకున్నాను.

వినడానికి వెళ్తున్నాం కదా, ఖాళీ చేతులతో వెళ్ళడం ఎందుకని నేను ఇరవై రెండు ప్రశ్నల పత్రం ఒకటి తయారుచేయించాను. అబ్బాయిలు యూనిఫాం ఇస్త్రీ చేసుకుని, మెడలో ఐడీ కార్డులు వేసుకుని మడి గట్ల మీద నిలబడ్డారు. ఒకడు పత్రం చూసి, "మీ ప్రధాన వృత్తి ఏమిటండీ?" అని మొదలుపెట్టాడు. ఎదురుగా ఉన్న ఆమె చేతిలో కొడవలి, కాళ్ళ దగ్గర కోసిన పాలకూర కుప్ప. ఆమె వాడివైపు జాలిగా చూసి, "చూస్తే ఏమనిపిస్తుంది బిడ్డా?" అంది. వాడు "వ్యవసాయం" అని టిక్కు పెట్టాడు. తర్వాత "రోజుకు సగటున ఎన్ని గంటలు?" అన్నాడు. "నాకు గడియారం ఏడిది బిడ్డా, ఎండ వచ్చిందంటే గంప లేవాలె" అంది. ఆ మాట నేను విన్నాను. విని, అది ఏ ప్రశ్నకు జవాబో తెలియక పత్రం అంచున రాసిపెట్టమన్నాను.

ఆ అమ్మాయి అందరికన్నా వెనక, నా నీడలో నిలబడింది. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆ పాలకూర ఆమె కూడా ఈ అమ్మాయివైపు ఒక్కసారి చూసి కళ్ళు తిప్పేసుకుంది. నేను అదీ చూశాను. చూసి ఏమీ అనుకోలేదు.

ఆడవాళ్ళు కూర్చుని ఆకు కట్టలు కట్టడం నన్ను బాగా ఆకర్షించింది. గంటసేపు వేళ్ళు ఆడుతూనే ఉంటాయి. ఇదే సమస్య, కట్టలు కట్టే యంత్రం చేద్దామని అక్కడికక్కడే తీర్మానించాను. ముగ్గురబ్బాయిలూ ఎగిరి గంతేశారు, మోటారు పెట్టొచ్చని. తిరుగు బస్సులో ఆ అమ్మాయి నా సీటు దగ్గరికి వచ్చి, "సార్, కట్టలు కట్టుడు కాదు సార్..." అని ఏదో అనబోయింది.

"ముందు స్కెచ్ వెయ్యమ్మా, మాటలు తర్వాత" అన్నాను.

ఆమె వెనక్కి వెళ్ళి కూర్చుంది. రెండు రోజుల్లో అద్భుతమైన డ్రాయింగ్ తెచ్చింది. నేను దాన్ని స్టాఫ్ రూములో అందరికీ చూపించి మురిసిపోయాను. వినడం గురించి క్లాసు చెప్పే మనిషిని, నోరు రాదని ఏడ్చే పిల్ల నోరు తెరిస్తే మూయించాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు నామీద కోపం వస్తుంది.

యంత్రం తయారైంది. పాత సైకిలు చెయిను, ఒక చిన్న మోటారు, రెండు రోలర్లు. మా వర్క్‌షాప్ ఇన్‌స్ట్రక్టర్ ఒకాయన ఉండేవాడు, ముప్పై ఏళ్ళు వెల్డింగ్ చేసిన చెయ్యి. ఆయన దాన్ని చుట్టూ తిరిగి చూసి, "సార్, ఇది కడతదా కోస్తదా?" అని మాత్రం అడిగాడు. ఆయన అసూయపడుతున్నాడేమో అనుకున్నాను.

ట్రాలీ ఆటోలో వేసుకుని మళ్ళీ ఆ మడుల దగ్గరికి వెళ్ళాం. బోరు మోటారుకు వచ్చే కరెంటు దగ్గర వైరు తగిలించాం. ఇంగ్లీష్ మేడమ్ కూడా చూడ్డానికి వచ్చింది. పది పన్నెండుమంది ఆడవాళ్ళు చుట్టూ చేరారు. మోటారు తిరిగింది, చెయిను కదిలింది, పాలకూర లోపలికి వెళ్ళింది. కట్టగా రావలసింది అంగుళం అంగుళం ముక్కలై ఎగిరి వచ్చి మా చొక్కాల మీద పడింది. తర్వాత ఒక ముసలామె గడ్డానికి చెయ్యి పెట్టుకుని, "మంచిగనే ఉన్నది బిడ్డా, పప్పులకు పనికొస్తది" అంది. అంతే, మడి మడంతా నవ్వింది. అబ్బాయిలు మొదట మొహాలు మాడ్చుకున్నారు, తర్వాత వాళ్ళకూ ఆగలేదు. మేడమ్ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను మీసం మీద పాలకూర తుడుచుకుంటూ నవ్వాను. నా సర్వీసులో అంత హాయిగా ఓడిపోయిన రోజు మరొకటి లేదు.

నవ్వులు సద్దుమణిగాక ఆ ముసలామెను అడిగాను, కట్టలు కట్టడం కష్టం కాదా అని.

"అదేం కష్టం సారూ? గప్పుడే కదా జర కూసునేది. నాలుగు ముచ్చట్లు చెప్పుకుంటం. అది గూడ మిషనుకు ఇస్తే మేమేం జేయాలె?"

ఇరవై రెండు ప్రశ్నల్లో ఈ ప్రశ్న లేదు.

ఎండ ఎక్కుతోంది. రోడ్డు మీద ఆటో హారన్ కొట్టింది. ఆడవాళ్ళు లేచి గంపలు సర్దుకున్నారు. తడి ఆకు నిండిన గంప ఎంత బరువుంటుందో నేను ఎత్తి చూడలేదు, చూసి ఊహించుకున్నాను, అంతే. ఒకరి గంప మరొకరు పట్టి తల మీదికి ఎత్తుతున్నారు. ఒక్కొక్కరే గట్టు దాటి రోడ్డువైపు నడుస్తున్నారు. చివరికి గంపతో ఒక్కామె మిగిలింది. మొదటిరోజు పాలకూర కుప్ప దగ్గర జవాబులు చెప్పినామె. ఆమె చుట్టూ చూసింది. అబ్బాయిలు తలలు వంచి యంత్రం విప్పుతున్నారు. ఆమె ఎవర్నీ పిలవలేదు. గంపను మోకాలి మీదికి లాక్కుని తనే లేవబోయింది. గంప ఒరిగింది, నాలుగు కట్టలు బురదలో పడ్డాయి.

నా నీడలోంచి ఆ అమ్మాయి కదిలింది. యూనిఫాంతోనే మడిలోకి దిగి, రెండు చేతులతో గంప అంచు పట్టి ఒక్క ఊపులో ఆమె తల మీద పెట్టింది. ఎంత అలవాటుగా పెట్టిందంటే, ఇద్దరూ ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.

ముందు నడుస్తున్న ముసలామె వెనక్కి తిరిగి నాతో అంది. "రోజు గంతే సారూ. తల్లి గంప ఎత్తి ఉరుకుతది బిడ్డ. బస్సు తప్పిపోతది. కాలేజీల తిట్లు పడతయంట."

తల్లి. రోజూ. ఎర్ర సిరా. ఎందుకు ఆలస్యమవుతోందని ఆ అమ్మాయిని ఒక్కసారంటే ఒక్కసారి కూడా అడగలేదు నేను.

"అమ్మా, మొదటిరోజు మేం వచ్చినప్పుడు మీ అమ్మాయి అని చెప్పలేదేం?" అని ఆ తల్లిని అడిగాను.

గంప తల మీద పెట్టుకునే ఆమె నవ్వింది. "దోస్తులున్నరు, సార్లున్నరు. నన్ను చూపిచ్చుకునుడు బిడ్డకు చిన్నతనమైతదేమో అనుకున్న సారూ."

"నేను చిన్నతనం అనుకుంటనా?" అంది ఆ అమ్మాయి. "నేను పలకరిస్తే నువ్వు అందరి ముంగట పరేషాన్ అయితవని నేను అనలే."

తల్లీ కూతుళ్ళు ఒకరికోసం ఒకరు పరాయివాళ్ళలా నటించారు. మధ్యలో మావాడు ప్రధాన వృత్తి అడిగాడు. ఇంగ్లీష్ మేడమ్ కళ్ళు తుడుచుకుంటూ, "ఇప్పుడు వినండి సార్" అని నాకు మాత్రమే వినబడేలా అంది. నేను గట్టు మీద చతికిలబడ్డాను. "చెప్పమ్మా, ఆ రోజు బస్సులో ఏమనబోయావు?" అని అడిగాను.

ఆ అమ్మాయి గట్టు చివర, రోడ్డుకు ఆనుకుని ఖాళీగా ఉన్న చోటు చూపించింది. "ఈడ పెద్ద రాతి గుండు ఉండె సార్. దానికి మోకాలి కాడ ఒక మెట్టు, రొమ్ము కాడ ఒక మెట్టు ఉన్నట్టు ఉండె. గంపను కింది మెట్టు మీద పెట్టాలె, జర ఊపిరి తీసుకోవాలె, పై మెట్టు మీదికి జరపాలె. అప్పుడు వంగి తల కింద పెట్టి లేస్తే అయిపోతది. ఎత్తడానికి ఇంకో మనిషి అక్కర లేకుండె. రోడ్డు వెడల్పు చేసినప్పుడు దాన్ని పగలగొట్టిండ్రు. ఇగ అప్పటికెల్లి ఆఖరికి మిగిలినోళ్ళ గంప ఎవ్వరు ఎత్తాలె సార్? మా అమ్మ మడి అన్నిటికన్న లోపటికి ఉన్నది. ఆకు ఈడికి తెచ్చేసరికి ఎప్పుడు ఆమెనే ఆఖరు."

ఆమె నోట అన్ని మాటలు వరుసగా వినడం నాకు అదే మొదటిసారి. సమస్యను ఒక్క మాటలో చెప్పాలని హోటల్లో నేర్పారు కదా. ఆ మాట ఆమె దగ్గర ఎప్పటినుంచో సిద్ధంగా ఉంది, అడిగేవాళ్ళు లేక లోపల ఉండిపోయింది.

మర్నాడు ఆమె ఒక షీటు తెచ్చింది. పగలగొట్టేసిన ఆ గుండును గుర్తు తెచ్చుకుని, ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి మూడు వ్యూలు గీసింది, కొలతలతో సహా. బండరాయికి ఆర్థోగ్రాఫిక్ ప్రొజెక్షన్ గీసిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. వర్క్‌షాప్ ఇన్‌స్ట్రక్టర్ దాన్ని ఎత్తి వెలుతురుకు పట్టుకుని చూసి, "ఇది జేస్త బిడ్డా" అన్నాడు.

అబ్బాయిలకు మాత్రం మొహాలు వేలాడాయి. "సార్, ఇందులో మోటార్ లేదు, సెన్సార్ లేదు, ఇది ఒక స్టాండు. వైవాలో ఏం చెప్తం?" అని ఒకడు గునిశాడు. నేను జవాబు చెప్పబోయి, నాలుక కరుచుకుని ఆగాను. ఆ అమ్మాయి వాడికి తనే చెప్పింది. మడి దగ్గర అన్ని వేళలా కరెంటు ఉండదని, వానలో తడిసేదానికి మోటారు పెట్టొద్దని, చెడిపోతే బాగుచేయడానికి నువ్వొస్తవా అని. వాడు నావైపు చూశాడు. నేను కిటికీలోంచి విమానం చూస్తున్నట్టు నటించాను.

ఇనుప యాంగిల్స్‌తో చేయకముందు ఇటుకలూ పాత బెంచీలూ పేర్చి నమూనా పెట్టాం. ఆడవాళ్ళు వచ్చి ఒక్కొక్కరూ గంప పెట్టి చూశారు. పొడుగ్గా ఉన్నామెకు సరిపోయిన ఎత్తు పొట్టిగా ఉన్నామెకు అందలేదు. ఆ అమ్మాయి టేపు పట్టుకుని ఒక్కొక్కరి మోకాలూ భుజమూ కొలిచింది. ఈసారి ప్రశ్నల పత్రం లేదు. "అత్తా, ఇట్ల వంగితే నడుము పట్టుకుంటదా? ఇంకో రెండు వేళ్ళు దించాల్నా?" అని ఆమె అడుగుతుంటే వాళ్ళు అడగనివి కూడా చెప్పారు. గంప వెనక్కి జారుతోందని ఒకామె అంది. పై మెట్టు కాస్త ముందుకు వాలి ఉండాలని ముసలామె అంది. అబ్బాయిలు మొహమాటం వదిలి గంపలు ఎత్తి చూశారు, ఒకడు ఎత్తలేక కూలబడ్డాడు, మళ్ళీ అందరికీ నవ్వులే. ఇంటికి పోయేటప్పుడు ఒకరి సంచిలో మెంతికూర, ఒకరి సంచిలో పుంటికూర, అంటే మా వైపు గోంగూర. నాకు కొత్తిమీర.

ఇంగ్లీష్ మేడమ్ ఒక మంచి పని చేసింది. ఆ అమ్మాయిని రోజూ సాయంత్రం బస్సుకు ముందు కూర్చోబెట్టుకుని, స్టాండు సంగతంతా మొదట వర్క్‌షాప్ ఇన్‌స్ట్రక్టర్‌కు తెలుగులో చెప్పించింది. ఆయన సందేహాలు అడిగేవాడు, ఊరికే తలూపే రకం కాదు. తర్వాత అదే తనకు ఇంగ్లీషులో చెప్పమంది. "తప్పులు వస్తే రానీ. చెప్పేది నీదే అయినప్పుడు నోరు అదే తిరుగుతది" అంది. నేను ఆ గదికి దూరంగా ఉండడం నేర్చుకున్నాను. అదీ ఒక నైపుణ్యమే, నాకు చాలా ఆలస్యంగా వచ్చింది.

స్టాండును మడి గట్టున కాంక్రీటు దిమ్మల మీద బోల్టులతో బిగించాం. ఆ మర్నాటి నుంచి ఆ అమ్మాయి మొదటి గంటకు నాకన్నా ముందే వచ్చి కూర్చునేది.

వైవా రెండు రోజుల్లో ఉందనగా చిన్న చిక్కు వచ్చింది. స్టాండును హాలులో చూపించాలి. విప్పి తెమ్మని అబ్బాయిల్ని పంపితే ఒట్టి చేతులతో తిరిగొచ్చారు. "ఇస్తలేరు సార్. ఒక్క పూటకు గూడ ఇయ్యం అంటున్నరు. మీకు పరీక్షైతే ఇంకోటి చేసుకోండ్రి అంటున్నరు." ఇన్‌స్ట్రక్టర్ నవ్వుతూ వెల్డింగ్ అద్దాలు పెట్టుకున్నాడు. అదే మాకు దక్కిన అసలు మార్కులని నేను ఆయనతో అన్నాను. కానీ వైవా ముందురోజు సాయంత్రం ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "సార్, ఇదంతా బాగనే ఉంది. రేపు ఆ హాల్ల మళ్ళ నోరు రాకుంటే, మాటంటే మాటే, ఎల్లుండి నుంచి నేను రాను" అంది. మాట ఇచ్చినవాణ్ణి నేనే. రాత్రి అన్నం సయించలేదు.

వైవాకు బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ పెద్ద ప్రొఫెసర్. మూడు ప్రశ్నలు వేసి, తలెత్తకుండా మార్కులు వేసి పంపించేస్తారని పేరు. మా జట్టు వంతు వచ్చింది. స్టాండు, పక్కన ఆ పొద్దున కోసిన తడి పాలకూర నిండిన గంప. ఆయన కళ్ళద్దాల మీదుగా చూసి, "ఇందులో యంత్రం ఏది? ఇది స్టూలు కదా. ఇంజనీరింగ్ ఎక్కడుంది?" అన్నారు.

అబ్బాయిలు ఆ అమ్మాయివైపు చూశారు. ఆమె నేలవైపు చూసింది. నా నోటిదాకా వచ్చింది, "సార్, అసలు సంగతేమిటంటే" అని. పక్కనున్న ఇంగ్లీష్ మేడమ్ నా మోచేయి పట్టుకుని గట్టిగా గిల్లింది. పెదవి కొరుక్కుని కూర్చున్నాను. నా జీవితంలో అంత పొడవైన అర నిమిషం లేదు.

"సార్" అంది ఆ అమ్మాయి. "మీరు ఈ గంప ఎత్తుకోండ్రి."

"నేనా?"

"మీరే సార్. ఒక్కరే. తల మీదికి."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన ముందు చిరాకుపడ్డారు గానీ లేచారు. గంప అంచులు పట్టుకుని నడుము దాకా ఎత్తారు. నీళ్ళు కారి చొక్కా తడిసింది. ఇంకా పైకి రాలేదు. మళ్ళీ ప్రయత్నించి, దించేసి, ఆయాసపడుతూ, "దీన్ని ఎత్తాలంటే ఇంకో మనిషి పట్టాలి కదమ్మా" అన్నారు.

"ఆ ఇంకో మనిషి లేని పొద్దు గురించే సార్ మా ప్రాజెక్టు" అంది.

అక్కడినుంచి ఆమె ఆగలేదు. స్టాండు మీద అదే గంపను తనే పెట్టి, జరిపి, వంగి, తల మీదికి ఎత్తుకుని ఆయన ముందు నిలబడి చెప్పింది. రెండు మెట్లు ఎందుకో, ఆ ఎత్తు ఎవరి మోకాలి నుంచి వచ్చిందో, పై పలక ఎంత వాలిందో, అంతకన్నా వాలితే ఏమవుతుందో. ఇంగ్లీషులో మొదలుపెట్టి, మాట అందకపోతే తెలుగులోకి దూకి, మళ్ళీ ఇంగ్లీషులోకి వచ్చింది. ముక్కలైన పాలకూర సంగతి కూడా దాచకుండా చెప్పింది. ఆయన మూడు ప్రశ్నలు దాటి ఏడో ఎనిమిదో అడిగారు. పలక చివర బరువు పెడితే ఒరగదా అన్నారు. ఆమె ఆయన్నే పలక మీద చెయ్యి ఆనించి నొక్కమంది. బయట తర్వాతి జట్టు గడియారాలు చూసుకుంటోంది. ప్రిన్సిపాల్ తలుపు దగ్గరికి వచ్చి నాకు సైగ చేశారు.

నేను లేచి, "ఇక చాలమ్మా, టైమయింది" అన్నాను.

ఆమె గంప తల మీద అలాగే ఉంచుకుని నావైపు తిరిగింది. "జర ఆగుండ్రి సార్. వెనక కాళ్ళ సంగతి ఇంకా చెప్పలే."

ఎగ్జామినర్ కుర్చీని ముందుకు లాక్కున్నారు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను.